గ్రామసీమల స్త్రీ శరణాలయము: నిర్వహణ సమస్యకు ఒక సమీక్ష

భర్త కొట్టు దెబ్బలకు తాళలేక, చంకన బిడ్డతో, కట్టుబట్టలతో ఇల్లు వెడలిన పల్లెటూరి స్త్రీ ఆ రాత్రి ఎచ్చట తల దాచుకొనవలెనను ప్రశ్నకు మన సంఘము చిరకాలము ఒక్కటే సమాధానము చెప్పుచు వచ్చినది: పుట్టినిల్లు. పుట్టినింటివారు ఆదరింపలేని స్థితిలో నున్నను, లేక వారే నచ్చజెప్పి మరునాటి బస్సునకు ఎక్కించి పంపినను, ఆమెకు మిగులునది మరల ఆ గడపయే, లేదా ఊరి చివరి నుయ్యి. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి యుండి తీరవలెనను సంకల్పము నుండి శరణాలయములు పుట్టినవి. అట్టి గృహములు అవసరమా యను వాదము నేడు ముగిసినది. శాసనము వానిని అంగీకరించినది, ప్రభుత్వము ధనమిచ్చుచున్నది. ఇక మిగిలియున్నది నిర్వహణ సమస్య. ఆ యింట ఏ కార్యక్రమములు నడువవలెను, ఎవరు నడుపవలెను, నడుపువారి యోగక్షేమము లెవరు చూడవలెను? చరిత్రను, శాసనమును, దినచర్యను వరుసగా పరిశీలించినకొలది నాకొక సత్యము స్పష్టపడుచున్నది: శరణాలయమున పనిచేయు స్త్రీలను సంఘము ఎట్లు చూచునో, అచ్చట శరణు జొచ్చిన స్త్రీలను ఆ గృహము అట్లే చూచును.

మన దేశమున ఇట్టి గృహముల చరిత్ర వితంతువుల దుఃఖముతో ఆరంభమైనది. 1889లో పండిత రమాబాయి బొంబాయిలో శారదాసదనమును తెరచెను. 1896లో ధోండో కేశవ కర్వే పుణెలో వితంతువులకొక ఆశ్రమమును స్థాపించి, 1900 సంవత్సరమున దానిని సమీపమందలి హింగణె గ్రామమునకు తరలించెను. తెలుగునాట 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు, బంధువులు విడనాడిన యువతులకు ఆశ్రయమిచ్చు భారమును సైతము వహించిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున శారదానికేతనమును, 1937లో దుర్గాబాయిగారు మదరాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, స్త్రీల విద్యకును స్వతంత్ర జీవనమునకును పాదువేసిరి.

ఈ స్థాపకుల పేరులు మనకు కంఠస్థములే. కాని ఆ యిండ్లలో పొయ్యి రాజేసినవారి పేరులు అంతగా తెలియవు. రాజమహేంద్రవరమున సంఘ బహిష్కార భయముచే వంటవారును నీళ్లు మోయువారును పని మానివేసినప్పుడు, గోదావరి నుండి నీళ్లు తెచ్చి, వండి వడ్డించి, ఆ యువతులను కడుపున పెట్టుకొని కాచినవారు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు. హింగణె ఆశ్రమమునకు వితంతువుగా వచ్చి చేరిన పార్వతీబాయి ఆఠవలే అనంతర కాలమున ఆ ఆశ్రమమునకే పర్యవేక్షకురాలై, ఊరూర తిరిగి విరాళములు సేకరించి, దాని మనుగడకు మూలస్తంభముగా నిలిచెను. శరణాలయ నిర్వహణ శాస్త్రమున నేటికిని మూలసూత్రములనదగిన రెండు విషయములు ఈ ఇద్దరి జీవితములలోనే కలవు: గృహము నిలుచునది అనుదిన పరిచర్య చేయువారి వలన, నిన్నటి ఆశ్రిత నేటి కార్యకర్త కాగలదు.

స్వాతంత్ర్యానంతరము ఈ పని దాతల చేతినుండి క్రమముగా ప్రభుత్వ పథకములలోనికి ప్రవేశించినది. 1953లో దుర్గాబాయిగారి అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడెను. 1969లో స్వల్పకాలిక వసతి గృహముల పథకమును, 2001-02లో స్వాధార్ పథకమును ఆరంభించిరి. పిదప ఆ రెండును స్వాధార్ గృహముగా కలిసిపోయినవి. 2015 నుండి జిల్లా కేంద్రములలో సఖి కేంద్రములు వెలసినవి. అచ్చట వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, కొలది దినముల వసతి ఒక్కచోట లభించును. 2022 నుండి మిషన్ శక్తి అను పథకము క్రింద స్వాధార్ గృహములును, అక్రమ రవాణా బాధితులకై 2007లో ఏర్పడిన ఉజ్జ్వలా గృహములును ఏకమై శక్తి సదన్ అను పేరు దాల్చినవి; దాని వ్యయమున సాధారణముగా 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు రాష్ట్రమును భరించుచున్నవి. పేరులు మారినంత వేగముగా గృహముల లోపలి పద్ధతులు మారలేదని చెప్పక తప్పదు.

ఈ పథకములన్నిటికిని వెన్నెముకవంటిది 2005 నాటి గృహహింస నిరోధక చట్టము. 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. బాధితురాలు తానుగా గాని, ఆమె తరఫున, ఈ చట్టము అమలునకై నియమితులగు రక్షణాధికారి గాని కోరినచో ఆశ్రయమీయవలసిన బాధ్యతను ఆ చట్టపు 6వ సెక్షను శరణాలయాధికారిపై మోపుచున్నది. దాని క్రింద చేసిన నిబంధనలలో 16వది ప్రతి గృహ ద్వారమున పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టదగినది: ముందుగా గృహహింస నివేదిక దాఖలు చేయలేదను కారణమున ఆశ్రయమును నిరాకరింపరాదు, ఆమె కోరినచో ఆమె అచ్చట నున్న సంగతిని ప్రతివాదికి తెలుపరాదు. అర్ధరాత్రి వచ్చిన స్త్రీని "పోలీసు చీటీ తెమ్మ"ని త్రిప్పి పంపుట శాసన విరుద్ధమన్న మాట. ఐనను ఈ నిబంధన తెలిసిన వాచ్‌మన్లు ఎందరు? గేటు వద్ద నిలుచువానికి తెలియని చట్టము, గేటు బయట నిలిచిన స్త్రీకి లేనట్లే.

అవసరము ఎంతటిదో ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. 2019-21 నాటి ఆ సర్వే ప్రకారము 18 నుండి 49 సంవత్సరముల నడిమి వివాహిత స్త్రీలలో భర్త వలన హింసకు గురియైనవారు ఆంధ్రప్రదేశమున 30 శాతము, తెలంగాణమున 36.9 శాతము. హింసకు గురియైన స్త్రీలలో ఎవరినైనను సహాయము కోరినవారు దేశము మొత్తముమీద నూటికి 14 మంది మాత్రమే. కావున శరణాలయములో పడకలు ఖాళీగా నున్నవన్న వార్త విని, ఆ ప్రాంతమున హింస లేదని సంతసించుట పొరపాటు. అచ్చటికి దారి తెలియదనియో, తెలిసినను నమ్మకము లేదనియో గ్రహింపవలెను. ఆ నమ్మకమును కలిగింపగలవారు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు, పొదుపు సంఘముల నాయకురాండ్రు. 181 అను సహాయవాణి సంఖ్యను గోడపై వ్రాయుటకన్న, ఆ మాటను వీరి నోట చేర్చుట ఎక్కువ ఫలవంతము.

పట్టణమందలి శరణాలయమునకును పల్లెపట్టు శరణాలయమునకును ప్రధాన భేదము గోప్యత విషయమున కనబడును. పాశ్చాత్య దేశములలో ఇట్టి గృహముల చిరునామాను రహస్యముగా ఉంచుట పరిపాటి. మండల కేంద్రమున అది అసాధ్యము. ఆటో నడుపువాడు, కూరగాయలమ్మునది, తపాలా బంట్రోతు, అందరును ఆ యింటిని ఎరుగుదురు. గృహమును ఊరికి దూరముగా కట్టినచో రక్షణ తగ్గును, బస్సు దొరకదు, ఆసుపత్రి దూరమగును. ఊరి నడుమ కట్టినచో అందరి కన్నులును దానిపైననే యుండును. ఈ రెండు పక్షములను తూచి చూచినపుడు, పోలీసు స్టేషనుకును ఆసుపత్రికిని చేరువలో, ఇరుగుపొరుగుల సద్భావము గల వీథిలో గృహముండుటయే మేలనిపించుచున్నది. ఇల్లు అందరికిని తెలియవచ్చును. లోపల ఎవరున్నారో మాత్రము ఎవరికిని తెలియరాదు. ఈ భేదమును పాటించుట సిబ్బంది శిక్షణలో మొదటి పాఠము కావలెను.

ఇక కార్యక్రమముల మాట. మొదటి మూడు దినములలో జరుగవలసిన పనులు తక్కువ, కాని ముఖ్యములు: అన్నము, స్నానము, నిద్ర, గాయములకు చికిత్స, బిడ్డకు పాలు. ఇవి ముగియక ముందే ఫారములు ముందుంచి వివాహ తేదీ మొదలు ప్రశ్నలు వేయుట క్రూరము. అవసరమైనచో వైద్య పరీక్షను ఆమె సమ్మతితో వెంటనే చేయింపవలెను. అత్యాచార బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రు లన్నియు ఉచితముగా ప్రథమ చికిత్స చేయవలెనను విధి చట్టమున కలదు. వచ్చినది పదునెనిమిది ఏండ్లు నిండని బాలిక యైనచో, ఆమెను ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. జాలిపడి తన యింటనే ఉంచుకొను సూపరింటెండెంటు తెలియకయే చట్టమును అతిక్రమించును.

సలహా ప్రక్రియ, అనగా కౌన్సిలింగ్, శరణాలయ కార్యక్రమములలో అత్యంత వివాదాస్పదము. దంపతులను కలుపుటయే దాని పరమావధి యని ఒక పక్షము. స్త్రీ తన మనస్సును తాను తెలిసికొనుటకు తోడ్పడుటయే దాని పని యని వేరొక పక్షము. మొదటి పక్షమువారు బిడ్డల భవిష్యత్తును, ఒంటరి స్త్రీకి పల్లెలో ఇల్లు అద్దెకు దొరకమిని, కూలి డబ్బు చాలమిని చూపుదురు. ఆ కష్టములన్నియు నిజములే. కాని ఎన్ని జంటలను "కలిపితిమి" అను లెక్కతో తన పనిని కొలుచుకొను కౌన్సిలర్, తెలియకయే భర్త పక్షమున నిలిచిపోవును. గృహహింస చట్టపు నిబంధనలు ఈ విషయమున వివేకవంతములు: న్యాయస్థానపు ఆదేశముతో జరుగు సలహా ప్రక్రియలో, హింస ఎందుకు చేయవలసి వచ్చినదో సమర్థించుకొనుటకు ప్రతివాదికి అవకాశమీయరాదని అవి శాసించుచున్నవి. ఆమె తిరిగి కాపురమునకు పోదలచినచో పోనీయవలెను. పోయినను మరల వచ్చు హక్కు ఆమెకు కలదని ముందే చెప్పి పంపవలెను. ఒకటికి రెండుమార్లు వచ్చిన స్త్రీని "నిలకడ లేనిది" అని ఈసడించు గృహము తన ధర్మమును తాను మరచినది.

న్యాయ సహాయము విషయమున మార్గము స్పష్టము. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీయు ఉచిత న్యాయ సహాయమునకు అర్హురాలు. గృహహింస దరఖాస్తుపై మొదటి విచారణ సాధారణముగా మూడు దినములలో జరుగవలెననియు, అరువది దినములలో తీర్పు వెలువడునట్లు ప్రయత్నింపవలెననియు చట్టము చెప్పుచున్నది. ఆచరణమున వాయిదాలు నెలలు దాటుచున్నవి. ప్రతి వాయిదాకును బస్సు ఖర్చు, ఒక దినపు కూలి నష్టము, కోర్టు ఆవరణమున భర్త తరఫువారి కన్నెర్రలు. కావున శరణాలయమునకు గొప్ప న్యాయవాదికన్న ముందుగా కావలసినది, వాయిదా నాడు ఆమె ప్రక్కన నిలిచి, సంచిలో కాగితములు సరిచూచి, మరల క్షేమముగా ఇంటికి చేర్చు ఒక కార్యకర్త. రక్షణాధికారులు పలుచోట్ల ఇతర బాధ్యతల నడుమ గృహహింస కేసుల పనిని అదనముగా మోయుచున్నారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిలలో అట్టి అధికారులను నియమింపవలెనని రాష్ట్రములను ఆదేశించుట ఈ లోపము ఎంత లోతైనదో సూచించుచున్నది.

బిడ్డల విషయము తల్లుల ఫైళ్లలో మరుగుపడరాదు. టి.సి. లేదని, వయస్సు ధ్రువపత్రము లేదని పాఠశాల బిడ్డను చేర్చుకొన నిరాకరింపరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ రెండు అడ్డంకులను తొలగించినది. మగబిడ్డల వయఃపరిమితి వేరొక చిక్కు: పాత స్వాధార్ నిబంధనలు మగపిల్లలను ఎనిమిదేండ్ల వరకే తల్లితో ఉండనిచ్చెను, అది నిండినంతనే బాలుని వేరొక గృహమునకు పంపవలసివచ్చుటచే, ఆ భయముతోనే హింసను సహించి ఉండిపోవు తల్లులుందురు. తల్లిని కాపాడుటకు బిడ్డను దూరముచేయు నియమము ఎంతటి సదుద్దేశముతో చేసినదైనను మరల ఆలోచింపదగినది.

జీవనోపాధి శిక్షణ మాట వచ్చినంతనే మన గృహములన్నిటను కుట్టుమిషన్లు దర్శనమిచ్చును. కుట్టుపని నిందింపదగినది కాదు; కాని ప్రతి స్త్రీయు దర్జీ కాజాలదు, రెడీమేడ్ దుస్తుల కాలమున ప్రతి దర్జీకిని పని దొరకదు. పల్లెనుండి వచ్చువారిలో అధిక సంఖ్యాకులు వరినాట్లు, పత్తి తీత, మిరపకాయ కోత ఎరిగినవారు. కోత కాలమున కూలికి పోయి తన సంపాదన తాను దాచుకొన గోరు స్త్రీని, రక్షణ పేర ఆరు నెలలు గదిలో కూర్చుండబెట్టుట శిక్ష యగును. ఆమెకు శిక్షణకన్న ముందుగా కావలసినవి స్వంత పేరున బ్యాంకు ఖాతా, ఆధార్, భర్త కుటుంబమునుండి వేరుచేసిన రేషను కార్డు. అత్తవారి ఊరి పొదుపు సంఘములో ఆమె దాచిన సొమ్ము అచ్చటనే చిక్కుకొని, ఆమె పేరనున్న అప్పు మాత్రము వెంటాడుట తరచు సంభవించును. దానిని మండల సమాఖ్యతో మాటలాడి పరిష్కరించుట ఒక మంచి కుట్టు తరగతికన్న విలువైన కార్యక్రమము.

నియమముల విషయమున చరిత్ర మనకు తీవ్రమైన హెచ్చరికలు చేసినది. 1981లో ఆగ్రా రక్షణ గృహమందలి స్త్రీల దుస్థితిని గూర్చి ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్ అను ఇద్దరు న్యాయశాస్త్రాచార్యులు సుప్రీంకోర్టునకు లేఖ వ్రాయగా, న్యాయస్థానము దానిని వ్యాజ్యముగా స్వీకరించి ఏండ్ల తరబడి పర్యవేక్షించెను. 2018లో బీహారునందలి ముజఫర్‌పూర్ బాలికా గృహమున జరిగిన ఘోరములు టాటా సాంఘిక శాస్త్ర సంస్థవారి తనిఖీ వలన వెలికి వచ్చినవి. అంతకుముందు అధికారుల సందర్శనములు జరుగలేదా? జరిగినవి, కాని వాని వలన సత్యము వెలికి రాలేదు; రిజిస్టర్లు చూచుట మాత్రము చాలదు. బయటివారు వచ్చి, సిబ్బంది లేని గదిలో ఆశ్రితల మాట వినుట తనిఖీకి ప్రాణము. లోపలి నియమములు సైతము వారితో చర్చించి వ్రాయవలెను. తాళము బయటివారిని ఆపుటకే. లోపలివారిని ఆపు తాళము శరణాలయమును కారాగారముగా మార్చును. ఫోను లాగుకొనుట కన్న, దానిలో తానున్న చోటు ఇతరులకు తెలియకుండ చేయుట నేర్పుట మేలు. వంటశాలలో కులభేదము తల యెత్తకుండ అందరును వంతులవారీగా వండి, ఒకే పంక్తిన భుజించుట విధిగా నుండవలెను. ఈ ఒక్క విషయమున మాత్రము మినహాయింపు పనికిరాదు.

ఇప్పుడు సిబ్బంది ప్రసంగము. సాధారణముగా గృహమున ఒక సూపరింటెండెంటు, ఒక కౌన్సిలర్, కార్యాలయ సహాయకురాలు, వంటమనిషి, ఆయా, రాత్రి కాపలాదారు ఉందురు. ముప్పది మంది స్త్రీలును వారి బిడ్డలును గల యింట ఈ కొద్దిమందియే రేయింబవళ్లు పని చేయవలెను. వీరికి లభించునది పలుచోట్ల జీతము కాదు, గౌరవ వేతనము. అదియు గ్రాంటు విడుదలైనప్పుడే. ఉద్యోగుల సంఖ్య ఇరువదికి తక్కువైన సంస్థకు భవిష్యనిధి పథకమును, పదికి తక్కువైన సంస్థకు ఉద్యోగుల బీమా పథకమును సాధారణముగా వర్తింపవు. పని స్థలమున లైంగిక వేధింపుల నిరోధమునకు 2013 నాటి చట్టము కోరు అంతర్గత సమితియు పదిమంది ఉద్యోగులున్న చోటనే. తక్కువ యున్నచో జిల్లా స్థాయి సమితికి మొర పెట్టుకొనవలెను. స్త్రీలకు రక్షణ కల్పించు పనిలో నున్న స్త్రీకే రక్షణ చట్టములు చాలవరకు అందుబాటులో లేవన్న మాట. నాలుగు నెలలుగా జీతమందక, తన యింట అప్పులవారి మాటలు పడుచు, రాత్రి డ్యూటీలో మూడవమారు మేలుకొన్న ఆయా ఒక ఆశ్రితపై కసరినచో, ఆ కసురునకు బాధ్యత ఆమెది మాత్రమే కాదు.

సిబ్బందిని ఎచ్చటినుండి ఎన్నుకొనవలెనను చర్చయు కలదు. డిగ్రీ గల కౌన్సిలర్ పట్టణమునుండి వచ్చి, ఏడాది తిరుగక ముందే మెరుగైన ఉద్యోగమునకు పోవును. స్థానికురాలు నిలుచును, భాషా భావములు ఎరుగును, కాని ఆమె బంధువర్గము చుట్టుపట్ల గ్రామములన్నిట వ్యాపించి యుండును. వంటమనిషి ఆడుబిడ్డ ఆశ్రిత అత్తవారి వీథిలోనే కాపురముండుట అసంభవము కాదు. ఇరువురును కావలెననుటయే అనుభవసారము. అయితే బంధుత్వమో పరిచయమో ఉన్న ఉద్యోగిని ఆ సంగతిని ముందే తెలిపి, ఆ స్త్రీ ఫైలునుండి తప్పుకొను ఏర్పాటు లిఖితపూర్వకముగా నుండవలెను. పూర్వము ఆశ్రితగా నున్న స్త్రీని ఉద్యోగినిగా నియమించుట పార్వతీబాయి నాటినుండి మనకున్న మంచి సంప్రదాయము; కాని ఆమె తన గాయము మానకమునుపే ఇతరుల కథలు వినవలసి వచ్చినచో కుంగిపోవును. కొంత వ్యవధి, తగిన శిక్షణ, ఇతరులతో సమానమైన జీతము ఈ మూడును ఆమె హక్కులు.

దినదినము హింసా వృత్తాంతములు వినువారి మనస్సుపై వాని భారము పడును. నిద్రలేమి, విసుగు, కొన్నాళ్లకు ఏ కథ విన్నను చలింపని మొద్దుబారుతనము. ఇది వ్యక్తి లోపము కాదు, వృత్తిజన్యమైన క్షతము. వారమునకొక పూట సిబ్బంది అందరును కూర్చుండి కష్టమైన కేసులను చర్చించుట, నెలకొకమారు బయటి నిపుణురాలు వచ్చి వారి మాట వినుట, వారాంతపు సెలవును ఎట్టి పరిస్థితిలోను రద్దు చేయకుండుట, ఒకే మనిషికి వరుసగా రాత్రి డ్యూటీలు వేయకుండుట: ఇవి వ్యయసాధ్యములు కావు, నిశ్చయసాధ్యములు. దాడి జరిగినప్పుడు ఏమి చేయవలెనో, ఎవరికి ఫోను చేయవలెనో, ఎవరు బిడ్డలను లోపలి గదికి చేర్చవలెనో వంటమనిషి వరకు అందరికిని అభ్యాసముండవలెను. త్రాగి వచ్చి గేటు ముందు గోల చేయు భర్తను మొదట ఎదుర్కొనునది సూపరింటెండెంటు కాదు, గేటు వద్ద నున్న మనిషి.

ఆశ్రిత గృహము విడచిన దినముతో పని ముగిసినదని ఫైలు మూయుట మన పద్ధతులలో అన్నిటికన్న పెద్ద లోపము. హింసకుడు, ఆమె తన అదుపు తప్పుచున్నదని గ్రహించిన వేళయే ప్రమాదము హెచ్చు. కావున బయటికి పోయిన తరువాతి నెలలే మిక్కిలి జాగరూకత కోరును. ఆమె సమ్మతించినచో, ఆమె చెప్పిన వేళకు, ఆమె చెప్పిన సంఖ్యకు ఫోను చేయుట. తొలి నెలల అద్దెకు చిన్న నిధి ఉంచుట. ఒకే పట్టణమున స్థిరపడిన పూర్వాశ్రితలు ఒకరికొకరు తోడగునట్లు చూచుట: ఇంతమాత్రము చేసినను ఎందరో నిలదొక్కుకొందురు. దీనికి పథకములలో ప్రత్యేకముగా మనిషియు ధనమును కేటాయింపవలెను. ఉన్న కౌన్సిలర్ తీరిక వేళలలో చేయుమనుట చేయవద్దనుటతో సమానము.

సమీక్షా ఫలితముగా నా విన్నపములు నాలుగు. గ్రాంటు ఆలస్యమైనను జీతము ఆగకుండ ఆరు నెలల జీతములకు సరిపడు నిధిని ప్రతి గృహమునకును ముందే ఈయవలెను. ఉద్యోగుల సంఖ్యతో నిమిత్తము లేకుండ భవిష్యనిధి, బీమా సౌకర్యములు శరణాలయ కార్యకర్తలందరికిని వర్తింపజేయవలెను. తనిఖీలో ఆశ్రితల ఏకాంత వాంగ్మూలమును, సిబ్బంది ఏకాంత వాంగ్మూలమును రెంటిని తప్పనిసరి చేయవలెను. గృహపు సాఫల్యమును ఎందరు తిరిగి కాపురమునకు పోయిరను లెక్కతో గాక, ఎందరు తమ నిర్ణయమును తామే చేసికొని, ఏడాది తరువాత క్షేమముగా నున్నారను లెక్కతో కొలువవలెను. ఇవి అమలగునంతవరకు, మనము క్రొత్త పేరులతో ఎన్ని పథకములు ప్రారంభించినను, అర్ధరాత్రి వచ్చిన స్త్రీకి తలుపు తీయవలసిన మనిషి అలసి, అప్పులపాలై, భయపడుచునే యుండును. ఆ మనిషి ధైర్యముగా, గౌరవముగా జీవించునట్లు చేయుట శరణాలయ నిర్వహణకు అలంకారము కాదు. అదియే దాని పునాది.